హమతాని రెండో గుండీ

అక్టోబరు ఒకటో తారీఖున మా బడి ఒక్కసారిగా నల్లబడుతుంది. జూన్ నుంచీ తెల్ల చొక్కాల్లో తిరిగిన మగపిల్లలంతా ఆ పొద్దున నిలువు కాలరు నల్ల కోట్లలో దిగుతారు. ముందురోజు దాకా చలేసినా వేసుకోకూడదు. ఆ రోజు నుంచి ఎండ మండినా విప్పకూడదు. కోట్లన్నీ కలరా ఉండల వాసన. నేను తుమ్ముకుంటూ మెట్లెక్కేసరికి మా తరగతి గుమ్మం దగ్గర ఆడపిల్లలు గుంపు కట్టి గుసగుసలాడుతున్నారు.

"ఫుకా, చూశావా? మీ హమతాని కోటుకి రెండో గుండీ లేదే!"

"లేకపోతే కుట్టుకుంటాడు," అన్నాను.

"మొద్దుమొహమా! రెండో గుండీ అంటుంటే!"

అప్పటికి గాని నాకు వెలగలేదు. కోటుకున్న ఐదు ఇత్తడి గుండీల్లో రెండోది గుండెకు దగ్గరగా ఉంటుంది. మార్చిలో చదువు ముగించి వెళ్లేరోజున ఆడపిల్ల తనకు నచ్చిన అబ్బాయి దగ్గరికెళ్లి అది అడిగి తీసుకుంటుంది. మా అమ్మ దగ్గర అలాంటిది ఒకటుంది. అది మా నాన్నది కాదు. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మార్చికి ఇంకా బోలెడు వ్యవధి ఉండగానే గుండీ పోయిందంటే, ఎవరో ముందే ఖాయం చేసేసుకున్నారన్న మాట. ఆడపిల్లలు ఎవరా అని పేర్లు ఏరుతున్నారు. హమతాని ఎవరికి ఏమిచ్చుకుంటే నాకేంటి? నా బెంగంతా బ్యాండు గురించి.

మా బ్యాండులో ముగ్గురం. నేను, అంటే నొజావా ఫుకా, డ్రమ్స్ కొడతాను. మినగావా చిహొ బేస్ గిటారు. హమతాని కేగో గిటారు వాయిస్తూ పాడతాడు. నవంబరు మొదట్లో బడి పండుగ. ఆ రోజు జిమ్‌లో పెద్ద స్టేజి కడతారు, ఊళ్లో సగం మంది వస్తారు. మొదటి ఏడు మేం ఎంపికలోనే పోయాం, అప్పటికి మాకు ఆగడం తప్ప ఏదీ ఒకేసారి చేతకాదు. రెండో ఏడు ఎంపికయ్యాం గాని పండుగ ముందురోజు తుఫాను వచ్చి జిమ్‌లో నీళ్లు నిలిచాయి. ఇది మూడో ఏడు. పండుగ మర్నాడు క్లబ్బు గది తాళం చిన్నవాళ్ల చేతిలో పెట్టి, మేం ప్రవేశ పరీక్షల పుస్తకాల్లో తల దూర్చాలి. తరువాత ఎవరి ఊరు వాళ్లది. ఆ స్టేజి మీద మేం ముగ్గురం ఒక్కసారి వాయించాలి. ఆ ఏడు నేను కోరుకున్నది అదొక్కటే.

బెంగ ఎందుకంటే, ఆ గుండీ కావాలనుకున్నది మా చిహొ.

ఆగస్టులో సముద్రం గట్టు మీద కూర్చుని మంచు తురుము తింటుండగా తనే చెప్పింది. చిహొ ప్రేమ మాంగాలు, అంటే బొమ్మల కథల పుస్తకాలు, దిండు కింద పెట్టుకుని పడుకునే రకం. ప్రేమ సంగతి మార్చి నెలలోనే చెప్పాలని, అదీ పూలు రాలుతుండగా చెప్పాలని తనకు తానే నిర్ణయించుకుంది.

"ఇప్పుడే చెప్పి చావొచ్చుగా?" అన్నాను.

"కాదంటే? పండుగ దాకా ఒకే గదిలో వాడి మొహం ఎలా చూడనే?"

ఆ మాట సబబుగానే తోచింది. బ్యాండుకు కూడా అదే మంచిది కదా అనుకుని నోరు మూసుకున్నాను.

ఇక హమతాని వాయించే గిటారు ఉంది చూశారూ, అది వాడిది కాదు. వాడి సొంత గిటారును మొదటి ఏడు చలికాలమంతా కిరసనాయిలు స్టవ్వు పక్కన నిలబెట్టి, దాని మెడ వంకరపోయేలా చేశాడు. చిహొ వాళ్ల నాన్న రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. కుర్రతనంలో ఆయనకూ ఓ బ్యాండు ఉండేదట. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు వంగవు. ఆయన ఎర్ర గిటారును అటక మీంచి దింపి, "పడి ఉండేదానికంటే మోగేది నయం," అని హమతానికి ఇచ్చేశాడు. ఆయన అంత తేలిగ్గా ఇచ్చినదాన్ని చిహొ మాత్రం కంటికి రెప్పలా చూసుకునేది. తడి చేత్తో ముట్టకు, ఎండలో పెట్టకు, గోడకు ఆనించకు అని వాడి ప్రాణం తీసేది. వాడు అన్నింటికీ "సరే మినగావా" అనేవాడు.

ఆ సాయంత్రం మూడో అంతస్తులో మా గదికి వెళ్లేసరికి ఇద్దరూ వచ్చి ఉన్నారు. హమతాని ఎప్పట్లాగే గిటారును ఛాతీ దాకా పైకి కట్టుకుని శ్రుతి చేసుకుంటున్నాడు. వాడు నేల మీద కూర్చుని నేర్చుకున్నాడు, నిలబడ్డా అది అక్కడే ఉండాలి వాడికి. చంటిపిల్లాడికి చొంగగుడ్డ కట్టినట్టుందని ఎంత ఏడిపించినా కిందికి దించడు. నల్లకోటు మీద మొదటి గుండీకీ మూడో గుండీకీ మధ్య ఖాళీ కొట్టొచ్చినట్టు కనపడుతోంది. చిహొ గోడకేసి చూస్తూ వాయిస్తోంది. బేసు ఒక దారి, నా డ్రమ్స్ ఒక దారి. రెండు మూడు సార్లు మొదలుపెట్టి ఆపేశాం.

"మినగావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు హమతాని.

"బానే ఉంది."

"మరి..."

"బానే ఉందన్నానుగా."

వాడు నావైపు చూశాడు. నేను డ్రమ్ము మర బిగిస్తున్నట్టు నటించాను.

ఆ గుండీ ఎవరికిచ్చావురా అని ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది. మా దగ్గర అడగరు. రెండో గుండీ లేని అబ్బాయిని చూస్తే తల తిప్పుకోవడం మర్యాద. ఊరంతా కూడి ఊహిస్తాం, పేర్లు పెడతాం, జంట కట్టేస్తాం, అడగం మాత్రం. అందరినీ దులిపేసే నేను కూడా అడగలేదు. వాడు ఎవరి పేరైనా చెప్పాడంటే బ్యాండు అక్కడికక్కడే ముగిసిపోతుందని నా భయం.

వారం తిరిగేసరికి పేరు దానంతటదే తేలింది. బూరల క్లబ్బులో క్లారినెట్టు వాయించే పొడుగుపిల్ల తొకురా. ఆధారం ఏమిటయ్యా అంటే, ఇద్దరూ ఒకే రైలెక్కుతారట. వాళ్లుండే వైపు వెళ్లడానికి ఆ రైలు తప్ప వేరే దిక్కు లేదని ఒక్కరికీ తట్టలేదు. దానికి తోడు గేటు దగ్గర డొబాషి మాస్టారి తనిఖీ ఒకటి.

"గుండీ ఏది?"

"లేదు సార్."

"రేపటికల్లా కుట్టించుకో."

"సరే సార్."

మర్నాడు మళ్లీ అదే కోటు, అదే ఖాళీ, అదే తిట్టు. రోజూ తిట్లు తింటూ కూడా కుట్టించుకోలేదంటే ఆ పిల్ల మీద ఎంత ప్రేమో అని ఆడపిల్లలు నిట్టూర్చారు. చిహొ ఆ నిట్టూర్పులన్నీ వింది.

ఒక సాయంత్రం వాయించడం అయ్యాక చిహొ బేసు సంచీలో పెట్టుకుంటూ, హమతాని వైపు చూడకుండానే అంది.

"మా నాన్న గిటారు తిరిగిచ్చెయ్యమన్నాడు. దాని వీపు మీద గీత పడిందిగా, చూసి కోప్పడ్డాడు."

గీత పడిన మాట నిజమే. మే నెలాఖరులో ఎప్పుడో పడింది, అప్పుడే చిహొ వాణ్ణి ఉతికి ఆరేసింది. హమతాని మొహంలో రక్తం లేదు. మెత్తటి గుడ్డ తీసి గిటారు తీగల కింద, వెనక, పక్కల అంతా తుడిచాడు. పెట్టెలో పెట్టి, కొక్కేలు వేసి, రెండు చేతులతో చిహొకి అందించాడు.

"మీ నాన్నగారికి నా తరఫున క్షమించమని చెప్పు," అని తలవంచి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే నేను లేచాను.

"నీకు మతి గాని పోయిందా? మీ నాన్న గీతకి కోప్పడే మనిషేంటే? ఆయన ఇంజను నూనె చేతుల్తో అన్నం తింటాడు!"

"నువ్వు నోరు ముయ్యవే."

"ముయ్యను. పండుగ నెత్తి మీదికొచ్చింది. గిటారు లేకుండా వాడేం వాయిస్తాడు, తలుపా?"

చిహొ పెట్టె మీదే కూలబడి ఏడ్చింది. "ఆ గుండీ లేని కోటేసుకుని, మా నాన్న గిటారుని ఆ ఖాళీకి ఆనించుకుని, వాడు నా ఎదురుగా ప్రేమ పాటలు పాడుతుంటే... నా వల్ల కాదే ఫుకా. చచ్చినా కాదు."

"చూడకు మరి. కళ్లు మూసుకుని వాయించు."

అలా అన్నందుకు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తనకు వాడు కావాలి, నాకు స్టేజి కావాలి. ఆ క్షణాన మేమిద్దరం స్నేహితుల్లా లేము.

ఆ తరువాత హమతాని రోజూ గదికి ఖాళీ చేతులతో వచ్చేవాడు. గిటారు కోసం అన్ని బ్యాండుల వాళ్లనూ అడిగాడు, ఎవరి గిటారు వాళ్లకు కావాలి. కాబట్టి నేను కొడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబుల మీద వేళ్లాడిస్తూ పాడేవాడు. చిహొ రావడం మానేసింది. మా క్లబ్బుకు పెద్దదిక్కు కనమోరి మాస్టారు. ఆయన రసాయనశాస్త్రం చెబుతాడు, పాటకీ పాఠానికీ తేడా తెలియదు. ఆయనకు కూడా అనుమానం వచ్చింది.

"ఏమ్మా నొజావా, డ్రమ్ములు, పాట, అంతేనా? మధ్యలో ఏదో ఉండాలి కదా?"

"ఉంటుంది సార్. వస్తుంది."

"సోమవారానికి రాకపోతే మీ చోటు రెండో ఏడు పిల్లలకి ఇచ్చేస్తా. వాళ్లు రోజూ నా ప్రాణం తీస్తున్నారు."

ఆదివారం పొద్దున నేను సైకిలెక్కి చిహొ వాళ్లింటికి బయల్దేరాను. కాళ్లు పట్టుకుంటానో జుట్టు పట్టుకుంటానో నాకే తెలియదు. ఏదీ కుదరకపోతే గిటారు పెట్టె వీపున వేసుకుని పారిపోవాలని మాత్రం తీర్మానించుకున్నాను.

వాళ్ల ఇల్లు రేవు పక్కనే. కింద ఇంజన్ల కొట్టు, పైన ఇల్లు. చిహొ పైన గదిలో తలుపేసుకుని ఉంది. వాళ్ల నాన్న కొట్టు లోపల అరుగు మీద కూర్చుని, టమాటాల్లా ఎర్రగా పండిన కాకిపళ్లు తొక్క తీస్తున్నాడు.

"రా తల్లీ. దానికేమైంది? నాలుగు రోజులుగా తిండి లేదు, మాట లేదు. ఆ గిటారు అటక ఎక్కించింది. అదేంటే అంటే పలకదు."

"మీరు అడగలేదా బాబాయ్, గిటారు ఇచ్చెయ్యమని?"

"నేనెందుకడుగుతానూ?"

నేను జవాబు చెప్పేలోపే బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. చూద్దును గదా, గుమ్మంలో హమతాని. ఆదివారం పూట బడి కోటు, తడిపి దువ్విన జుట్టు, చేతిలో బజారు కాగితం చుట్టిన మిఠాయి పెట్టె. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు గాని ఆగలేదు. లోపలికి రెండడుగులు వేసి, ఆ నూనె మరకల సిమెంటు నేల మీద మోకాళ్లూని, పెట్టె ముందుపెట్టి, నుదురు నేలకు తాకేలా వంగాడు.

బాబాయ్ చేతిలో చాకు ఆగిపోయింది. "ఏంటయ్యా ఇది? ఎవరైనా పోయారా?"

"లేదండీ. నేను హమతానినండీ. గిటారు మీద గీత పడింది నా వల్లేనండీ. ముందే వచ్చి చెప్పుకోవాల్సింది, ఆలస్యం చేశాను. నన్ను క్షమించండి."

"ఏ గీత?"

"వెనకాలండీ. నేను దాన్ని పైకి కట్టుకుంటాను కదండీ, దాని వీపు పై అంచు సరిగ్గా ఈ రెండో గుండీ మీద ఆనుతుంది. మిగతా గుండీలు గిటారు వెనక, పొట్ట ఆనే చోట చెక్కిన గుంటలోకి పోతాయి, తగలవు. ఇదొక్కటే ఒరుసుకుంది. ఇంకో గీత పడిందంటే ఆ గుండీ పీకి పారేస్తానని మినగావా అందండీ. అందుకని ఆ రోజే నేనే పీకేశాను. ఆ తర్వాత ఒక్క గీత పడలేదండీ. కావాలంటే చూసుకోండి."

ఇదంతా నేలకేసి చూస్తూ, బట్టీ పట్టిన పాఠంలా చెప్పాడు. నాకు నవ్వాలో, వాడి వీపున ఒకటి చరవాలో తెలియలేదు. ఊరంతా కలిసి కట్టిన ప్రేమకథలో ఉన్నది ఒక ఇత్తడి గుండీ, ఒక గీత, ఒక తిట్టు. ఆ తిట్టిన మనిషి తిట్టిన సంగతే మర్చిపోయింది.

బాబాయ్ చాకు పక్కన పెట్టాడు. "నాయనా, ఆ గిటారు వీపు ఎప్పుడైనా సరిగ్గా చూశావా? నిండా నా బెల్టు బిళ్ల గీతలే. అందులో నీదేదో నాకేం తెలుస్తుంది? లే ముందు, మోకాళ్లకి నూనె అంటుతుంది. అసలు నేను గిటారు ఇమ్మని అడగనే లేదు."

హమతాని తలెత్తాడు. "అడగలేదాండీ? మరి..."

లోపలి మెట్ల మీద చప్పుడైంది. చిహొ నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, కళ్లు వాచిపోయి, ఇంట్లో వేసుకునే పాత స్వెటర్‌లో ఉంది. తన మాంగాల్లో ఏ అమ్మాయీ ఇలాంటి సమయానికి ఇలా ఉండదు.

"నేనే. నేనే అబద్ధం చెప్పాను," అంది.

"ఎందుకు?" అన్నాడు వాడు. కోపంగా కాదు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

"గుండీ ఇచ్చేశావనుకున్నాను."

"ఎవరికి?"

"తొకురాకి."

"తొకురా ఎవరు?"

"క్లారినెట్టు."

"రైల్లో నోరు తెరిచి నిద్రపోతుందే, ఆ పొడుగమ్మాయా?"

నేను ఆపుకోలేక అందుకున్నాను. "ఒరేయ్, డొబాషి మాస్టారు రోజూ గేటు దగ్గర తిడుతుంటే కుట్టించుకోవచ్చుగా! కనీసం సంగతిదీ అని చెప్పొచ్చుగా!"

"కుట్టించుకుంటే మళ్లీ గీత పడుతుందిగా. పండుగ రోజు స్టేజి మీద కోటు విప్పనివ్వరు." వాడు నావైపు తిరిగాడు. "చెప్పడానికి నన్నెవరూ అడగలేదే."

చిహొ మిగిలిన మెట్లు దిగి వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. "అది నాక్కావాలి. మార్చిలో అడుగుదామనుకున్నాను."

"గుండీ లేదు మినగావా. పీకిన రోజే ఎక్కడో పడిపోయింది."

"ఊఁ."

"మార్చి దాకా ఎందుకు ఆగడం?" అన్నాడు వాడు. చెవులు రెండూ కాకిపండు రంగుకు వచ్చేశాయి. "గుండీ లేదు గాని, నేనైతే ఉన్నాను. నాకూ నువ్వంటేనే... ఎప్పట్నుంచో."

"ఇదిగో," అన్నాడు బాబాయ్. "పిల్ల తండ్రిని ఇక్కడే కూర్చుని ఉన్నాను."

చిహొ రెండు చేతులతో మొహం కప్పుకుని మళ్లీ పైకి పరిగెత్తింది. పారిపోయిందనుకున్నాం. కాసేపటికి పైన అటక మీద సామాన్లు దొర్లిన చప్పుడు వినిపించింది. గిటారు పెట్టె పట్టుకుని దిగింది. దుమ్ము పట్టిన చేతులతోనే వాడికి ఇచ్చింది. తడి చెయ్యి, ఎండ, గోడ, ఏ జాగ్రత్తా చెప్పలేదు. మిఠాయి పెట్టె విప్పి నలుగురం తిన్నాం. ఎక్కువ తిన్నది నేనే.

సోమవారం కనమోరి మాస్టారు గదికొచ్చి చూసి, "ఆఁ, మధ్యలో ఉండాల్సింది వచ్చింది," అని తృప్తిగా వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక మేం వాయించింది మాత్రం చెప్పుకోదగ్గట్టు లేదు. అంతకుముందు చిహొ గోడకేసి చూసేది, ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చరణాలు మింగేస్తున్నారు.

"ప్రేమించుకోండి, నేను వద్దన్నానా? తాళం తప్పకుండా ప్రేమించుకోండి!" అని కర్రలు విసిరికొట్టాను. ఆ రోజు నుంచి కుదురుకున్నారు. నాకు తెలిసి మేం అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. పగళ్లు తగ్గుతున్నాయి, కొండల మీద మంచు కనపడుతోంది. గది కిటికీ మూసినా చలేసేది. నాకు ఇంటికి వెళ్లబుద్ధి అయ్యేది కాదు.

పండుగ రోజు వాన లేదు. జిమ్ నిండిపోయింది. కింద వేయించిన నూడుల్స్ వాసన లోపలి దాకా వస్తోంది. మేం స్టేజి పక్కన తెర వెనక నిలబడ్డాం. చిహొ వేళ్లు చల్లబడిపోయాయని హమతాని తన మెడగుడ్డ ఇచ్చాడు. సరిగ్గా పేరు పిలిచే ముందు ఎవరో దారికడ్డంగా నిలబడ్డారు. డొబాషి మాస్టారు.

"హమతాని. గుండీ ఏది?"

"లేదు సార్."

"నెలయింది చెబుతున్నాను. ఊరి పెద్దలంతా కూర్చున్నారు. ఇలా బొక్క కోటుతో స్టేజి ఎక్కనిచ్చేది లేదు. కోటు ఎవరిదైనా మార్చుకో, లేకపోతే..."

"నా దగ్గరుంది సార్," అంది చిహొ.

మాస్టారు ఆగిపోయాడు. మా వెనక వరసలో నిలబడ్డ రెండో ఏడు పిల్లలు, తెర తాడు పట్టుకున్న కుర్రాళ్లు, తన వంతు ముగించుకుని బయటికి వెళ్తున్న తొకురా, అందరూ విన్నారు. చిహొ బేసు పట్టుకుని నిటారుగా నిలబడి ఇంకోసారి చెప్పింది.

"ఆ గుండీ నా దగ్గరుంది సార్. తిరిగివ్వను."

ఏ కాలవలో చిలుము పడుతోందో తెలియని గుండీ కోసం తను ఆడిన అబద్ధం అది. నేను విన్న అబద్ధాలన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది అదే. డొబాషి మాస్టారికి మనవలు ఉన్నారు, జుట్టు తెల్లబడింది. ఆయన ఒకసారి చిహొనూ, ఒకసారి వాడి కోటునూ చూసి, ఎర్రబడిపోయి పక్కకు జరిగాడు.

"వెళ్లండి, వెళ్లండి. పిలుస్తున్నారు."

మూడు పాటలు వాయించాం. మొదటిదాంట్లో హమతాని ఒక వరస మర్చిపోయి లాలాలా అని పాడాడు, జనం అదీ పాటలో భాగమే అనుకున్నారు. రెండోది బాగా కుదిరింది. మూడోది మా సొంత పాట. రెండో ఏడు తుఫాను తరువాత, నీళ్లు నిలిచిన జిమ్‌ను తుడుస్తూ ముగ్గురం కలిసి కట్టుకున్నది. ముందు వరసలో బాబాయ్ కూర్చుని, వంగని వేళ్లతో తొడ మీద తాళం వేస్తున్నాడు.

పాట ముగింపు ఇలా ఉంటుంది. గిటారు, బేసు ఆఖరి స్వరాన్ని పట్టుకుని నిలబడతాయి. నేను ఇత్తడి పళ్లాల్లాంటి సింబల్స్ అన్నీ కలిపి గలగలలాడిస్తూ ఉంటాను. ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది నేను. నేను చెయ్యి ఎత్తి ఆఖరి దెబ్బ కొడితే ముగ్గురం ఒక్కసారిగా ఆగుతాం. అలవాటుగా వాళ్లిద్దరూ నావైపు తిరిగి నా చేతినే చూస్తున్నారు.

నేను చెయ్యి ఎత్తలేదు.

ఎత్తితే అయిపోతుంది. వాళ్లిద్దరికీ రేపుంది, మార్చి ఉంది, ఆ తరువాత కూడా ఏదో ఉంటుంది. రేపు సాయంత్రం ఇద్దరూ కలిసి రైల్వే స్టేషన్ దాకా నడుస్తారు. నాకు ఉన్నది ఈ మోత ఒక్కటే. కొడుతూనే ఉన్నాను. జనం చప్పట్లు మొదలుపెట్టి, ఇంకా అవ్వలేదని ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. హమతాని ముందు నవ్వాడు, తరువాత ఏమైందన్నట్టు కనుబొమలెత్తాడు. తెర పక్కనుంచి కనమోరి మాస్టారు గడియారం చూపిస్తూ చేతులు ఊపుతున్నాడు. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చిహొకి అర్థమైంది. వాణ్ణి వదిలేసి, బేసు తీగ మోగిస్తూనే నా దగ్గరికి నడిచి వచ్చింది. సింబల్‌కు అటు పక్కన నిలబడి నా మొహంలోకి చూసింది. ఆపమని సైగ చెయ్యలేదు. ఆఖరి స్వరం సన్నబడుతుంటే మళ్లీ మీటింది, ఇంకోసారి మీటింది, నాకు ఎంతసేపు కావాలంటే అంతసేపు మీటడానికి సిద్ధంగా నిలబడింది. వాడూ ఇటు వచ్చి తన పక్కనే నిలబడ్డాడు. ఇద్దరి వీపులూ జనానికేసి ఉన్నాయి.

అలా ఇంకాసేపు వాయించాం. తరువాత నేను చెయ్యి ఎత్తాను.